పసిపిల్ల జలుబు, పోపులపెట్టె వైద్యం

నెలల పిల్లకు జలుబు చేస్తే ఆ సంగతి తల్లికి ముందుగా పాల దగ్గర తెలుస్తుంది. పాప ఆకలితో రొమ్ము అందుకుంటుంది, రెండు గుక్కలు తాగి వదిలేసి కెవ్వుమంటుంది. మళ్లీ అందుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. పసిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. నోటినిండా పాలున్నప్పుడు గాలికి మిగిలే దారి ముక్కు ఒక్కటే. అది మూసుకుపోతే తాగడమో, ఊపిరి తీసుకోవడమో, రెంటిలో ఏదో ఒకటే కుదురుతుంది. పెద్దవాళ్లకు చిరాకు పుట్టించి ఊరుకునే ముక్కు దిబ్బడ, మూడు నెలల పాపకు ఆకలి, నిద్రలేమి అయి కూర్చుంటుంది.

ఆ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లంతా వైద్యులవుతారు. అమ్మమ్మ వసకొమ్ము అరగదీస్తానంటుంది. నాయనమ్మ కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాయమంటుంది. పక్కింటావిడ ముక్కులో రెండు చుక్కలు ఆముదం వెయ్యమంటుంది. ఫోన్లో పెద్దమ్మ తేనె నాకించమంటుంది. అందరిదీ ప్రేమే. ఈ ఇంటి వైద్యాల్లో కొన్ని నిజంగా పనిచేస్తాయి, ఈమధ్య ప్రయోగాలు కూడా వాటికి ఓటేశాయి. కొన్ని మేలూ చెయ్యవు, కీడూ చెయ్యవు. కొన్ని మాత్రం పిల్ల ప్రాణం మీదికి తెస్తాయి. వీటిని విడదీయడానికి 'ఇది సహజమైనదేనా' అన్న ప్రశ్న ఎందుకూ పనికిరాదు. కర్పూరమూ సహజమైనదే, తేనె కూడా సహజమైనదే. పిల్ల వయసెంత? ఆ దినుసు ముక్కులోంచి పోతోందా, కడుపులోకి పోతోందా, చర్మం మీదుగానా, ఊపిరిలోకా? అడగవలసిన ప్రశ్నలు ఈ రెండే. ఒక వయసులో ఒక దారిన మేలు చేసేదే ఇంకో వయసులో ఇంకో దారిన విషమవుతుంది.

జలుబుకు ఒకే వైరస్ కారణమైతే ఈపాటికి టీకా వచ్చి ఉండేదేమో. రెండు వందలకు పైగా వైరస్‌లు ఈ పని చేస్తాయి. అన్నిటికన్నా ఎక్కువసార్లు దొరికే దొంగ రైనోవైరస్. మిల్లీమీటరును ముప్పై మూడు వేల ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతో, అది అంత ఉంటుంది. 1950లలో ప్రయోగశాలకు చిక్కిన ఈ వైరస్‌లో ఇప్పటికి 160కి పైగా రకాలు తేలాయి. ఒక రకాన్ని ఎదుర్కోవడం ఒళ్లు నేర్చుకునేలోగా మరో రకం వచ్చి పడుతుంది. అంగన్‌వాడీకో ప్లేస్కూలుకో కొత్తగా వెళ్తున్న పిల్లకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే. ఒక్కోసారికి పది రోజులనుకున్నా, ఏడాదిలో రెండు నెలలకు పైగా ముక్కు కారుతూనే ఉంటుంది. 'మా వాడిలో రోగనిరోధక శక్తి లేదేమో' అని బెంగపడి టానిక్కులు కొనే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే చాలా బెంగ తీరుతుంది.

'తల తడిసింది, అందుకే పడిశం పట్టింది' అనే మాట మన ఇళ్లలో ఎంత పాతదో, దాన్ని పరీక్షించాలన్న పట్టుదలా అంతే గట్టిది. ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీ దగ్గర 1946 నుంచి 1990 దాకా జలుబు కోసమే ఒక పరిశోధన కేంద్రం నడిచింది. వేలమంది వాలంటీర్లు అక్కడికి వచ్చి, ముక్కులో వైరస్ చుక్కలు వేయించుకుని, కావాలని జలుబు తెచ్చుకున్నారు. క్రిస్టఫర్ ఆండ్రూస్ బృందం కొందరిని తడి బట్టలతో చలిగాలి వీచే వసారాల్లో నిలబెట్టి చూసింది. పొడిగా ఉన్నవారికంటే వీళ్లకు జలుబు ఎక్కువేమీ రాలేదు. అయితే కథ అక్కడితో ముగియలేదు. 2005లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో 180 మందితో మరో ప్రయోగం జరిగింది. చన్నీళ్లలో ఇరవై నిమిషాలు కాళ్లు పెట్టుకుని కూర్చున్న 90 మందిలో 13 మంది నాలుగైదు రోజుల్లో జలుబు చేసిందన్నారు. ఊరికే కూర్చున్న 90 మందిలో అలా అన్నవారు ఐదుగురు. చలి వైరస్‌ను పుట్టించదు. అప్పటికే ముక్కులో నక్కి ఉన్నదానికి దారి ఇస్తుందేమో అన్నది ఆ పరిశోధకుల ఊహ.

ఆ ఊహకు తగిన ఆధారం ముక్కులోనే ఉంది. మన ఒంటి లోపలి వేడి 37 సెల్సియస్ డిగ్రీలైనా, గాలి తగిలే ముక్కు లోపలి పొర 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. రైనోవైరస్ సుఖంగా పెరిగేది ఆ చల్లదనంలోనే. 2015లో యేల్ విశ్వవిద్యాలయంలో అకికో ఇవాసాకి బృందం ఎలుకల శ్వాసకోశ కణాలతో ఇది చూపించింది. చల్లగా ఉన్న కణాలు వైరస్ వచ్చిందన్న హెచ్చరికను మందకొడిగా పంపుతాయి, వెచ్చగా ఉన్నవి చురుగ్గా పంపుతాయి. కాబట్టి వానలో తడిసి వచ్చిన పిల్ల తల తుడిచే అమ్మమ్మను ఎవరూ వెక్కిరించనక్కర్లేదు. ఆ తుడిచే ముందు చేతులు కడుక్కుంటే ఇంకా మంచిది. వైరస్ ఎక్కువగా చేతుల మీదుగానే ముక్కుకూ కంటికీ చేరుతుంది. ఒక పిల్ల చీమిడి తుడిచిన కొంగుతోనే రెండో పిల్ల మూతి తుడవడం మన ఇళ్లలో జలుబుకు రాచబాట.

వైరస్ చేరిన రెండో రోజుకో మూడో రోజుకో ముక్కు బిగుస్తుంది. లోపల చీమిడి నిండిపోయిందని అనుకుంటాం గానీ, బిగుతులో పెద్ద భాగం వాపుదే. ముక్కు లోపలి గోడల్లో ఉన్న సన్నని రక్తనాళాలు రక్తంతో ఉబ్బి దారిని ఇరుకు చేస్తాయి. పడుకుంటే తలలో రక్తం నిలిచి వాపు పెరుగుతుంది. పగలంతా ఆడిన పిల్ల పక్కెక్కగానే ఊపిరాడక లేచి ఏడవడం ఇందుకే. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే అందులో గాలి సాఫీగా సాగడానికి ఎదురయ్యే అడ్డంకి పదహారు రెట్లవుతుంది. అసలే సన్నని పసిముక్కులో ఒక మిల్లీమీటరు వాపు చేసే అపకారం మన ముక్కులో చేసేదానితో పోల్చలేం.

నాలుగైదు రోజులకు నీళ్లలా కారే చీమిడి చిక్కబడి పసుపుగా, ఆకుపచ్చగా మారుతుంది. 'పచ్చగా వస్తోంది, యాంటీబయాటిక్ రాయండి' అని డాక్టరును అడిగేది ఇప్పుడే. ఆ రంగు పిల్ల ఒంటి సైన్యానిదే. వైరస్ మీదికి వచ్చిన తెల్లరక్తకణాల్లో ఇనుముతో కూడిన ఒక ఎంజైము ఉంటుంది, దాని రంగే ఆకుపచ్చ. వైరస్ జలుబును యాంటీబయాటిక్ ఒక్క రోజు కూడా ముందుగా తగ్గించదు. పది రోజులు దాటినా తగ్గుముఖం పట్టకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెడితే, అప్పుడు డాక్టరు చూడాలి.

ఉప్పునీటి చుక్కలు

పసిపిల్లకు ఇంట్లో చేయగల వైద్యాల్లో నేను మొదటి పీట వేసేది దీనికే. మెడికల్ షాపులో సెలైన్ నాసల్ డ్రాప్స్ అని అడిగితే ఇస్తారు, చీటీ అక్కర్లేదు. సీసా మీద సోడియం క్లోరైడ్ అని తప్ప ఇంకే మందు పేరూ ఉండకూడదు. ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చూడటానికి అచ్చం అలాగే ఉండే సీసాల్లో జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ అనే చుక్కలు అమ్ముతారు. అవి రక్తనాళాలను బిగించి ముక్కును క్షణాల్లో తెరుస్తాయి. కానీ నెలల పిల్లల్లో అవి మగత తెచ్చి, ఊపిరిని, గుండె వేగాన్ని మందగింపజేసిన ఉదాహరణలు ఉన్నాయి. షాపువాడు తొందరలో ఏది అందిస్తే అది తెచ్చుకోకుండా అక్కడే నిలబడి చదువుకోవాలి.

చుక్కలు వేయడం పాలకు పది పదిహేను నిమిషాల ముందు. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద పల్చని గుడ్డ మడత పెడితే తల కాస్త వెనక్కి వాలుతుంది. ఒక ముక్కులో రెండు చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగి రెండోదానిలో వేయాలి. పిల్ల తుమ్ముతుంది, ఏడుస్తుంది. ఆ తుమ్మే సగం పని చేస్తుంది. మెత్తబడి బయటికి వచ్చినదాన్ని మెత్తని నూలుగుడ్డతో తుడవాలి. రబ్బరు బుడ్డితో లాగేవాళ్లు ముందు బుడ్డిని నొక్కి, ఆ తర్వాత ముక్కు అంచున పెట్టి మెల్లగా వదలాలి. ముక్కులో పెట్టాక నొక్కితే చీమిడి ఇంకా లోపలికి పోతుంది. రోజుకు రెండు మూడుసార్లకు మించి లాగితే లోపలి పొర రాచుకుని వాపు పెరుగుతుంది.

ఈ చుక్కల మీద ఈమధ్య ఒక ముచ్చటైన ప్రయోగం జరిగింది. స్కాట్లాండ్‌లో ఆరేళ్ల లోపు పిల్లలు 407 మందిని తీసుకున్నారు. వాళ్లలో 301 మందికి జలుబు చేసింది. ఉప్పునీటి చుక్కలు రోజుకు కనీసం నాలుగుసార్లు వేసిన పిల్లలకు సగటున ఆరు రోజుల్లో, వేయని పిల్లలకు ఎనిమిది రోజుల్లో జలుబు తగ్గింది. చుక్కలు వేసిన ఇళ్లలో 46 శాతం ఇళ్లలోనే ఇంకొకరికి జలుబు అంటుకుంది, వేయని ఇళ్లలో 61 శాతం. 2024 సెప్టెంబరులో వియన్నాలో జరిగిన ఐరోపా శ్వాసకోశ వైద్యుల మహాసభలో ఈ ఫలితాలు బయటపెట్టారు. ఉప్పులోని క్లోరైడును ముక్కు కణాలు తీసుకుని హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేసుకుంటాయి, వైరస్ పెరగకుండా అడ్డుకునేది అదేనని వాళ్ల వివరణ. అక్కడ వాడిన నీరు 2.6 శాతం ఉప్పుది. మన షాపుల్లో దొరికే చుక్కలు మామూలుగా 0.65 శాతానివి. కాబట్టి రెండు రోజుల లాభం మనకూ వస్తుందని హామీ ఇవ్వలేం. చీమిడి మెత్తబడి పిల్ల పాలు తాగుతుంది, నెలల పిల్లకు అదే పెద్ద లాభం.

ఇంట్లో ఉప్పు కలుపుకుంటే పోదా అని అనిపించవచ్చు. చెంచా కొలతలో తేడా పడితే పసిముక్కు మండుతుంది. అంతకంటే భయం నీళ్లది. మరిగించి చల్లార్చని నీళ్లు ముక్కులోకి ఎప్పుడూ పోకూడదు. 2024లో కేరళలో పిల్లల ప్రాణాలు తీసిన నెగ్లేరియా అమీబా మెదడుకు చేరేది ముక్కు దారినే.

తేనె, చారు, అడ్డసరం

ఏడాది నిండిన పిల్లకు రాత్రి దగ్గు పట్టుకుంటే తేనెకు మించిన ఇంటి మందు లేదు. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇయాన్ పాల్ బృందం రెండేళ్లు దాటిన 105 మంది పిల్లల్ని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు పడుకునే అరగంట ముందు తేనె, ఒక గుంపుకు దగ్గుమందుల్లో వాడే డెక్స్‌ట్రోమెథార్ఫన్, మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. దగ్గూ నిద్రా బాగా మెరుగైంది తేనె గుంపుకే. దగ్గుమందు తాగిన పిల్లలకూ ఏమీ తాగని పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తర్వాత 2012లో ఇజ్రాయెల్‌లో ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలు 300 మందికి మూడు రకాల తేనెల్లో ఒకటో, తేనెలాగే కనిపించే ఖర్జూరపు పాకమో ఇచ్చి చూశారు. మూడు తేనెలూ పాకాన్ని మించాయి. గొంతులో పూతలా పేరుకుని గరగరను అణచడం, తీపికి ఊరే లాలాజలం, రెండూ తోడ్పడతాయి. ఐదేళ్ల లోపు వారికి అర టీస్పూను, పెద్ద పిల్లలకు టీస్పూను చాలు.

ఏడాది లోపు పిల్లకు మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం మన ఊళ్లలో ఇంకా ఉంది. వస, శొంఠి, మాత్ర ఏది అరగదీసినా తేనెలో రంగరించడమూ ఉంది. తేనెలో క్లోస్ట్రిడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా విత్తనాలు ఉండవచ్చు. మన పేగుల్లో అవి మొలకెత్తలేవు. పసిపేగుల్లో వాటిని అడ్డుకునే మంచి బ్యాక్టీరియా ఇంకా స్థిరపడలేదు కాబట్టి మొలకెత్తి విషం విడుస్తాయి. ముందు మలబద్ధకం, తర్వాత ఏడుపు పీలగా మారడం, పాలు చీకలేకపోవడం, మెడ నిలపలేకపోవడం, చివరికి ఊపిరి తీసే కండరాలు పడిపోవడం దాని వరుస. 1976లో కాలిఫోర్నియాలో ఈ జబ్బును గుర్తించారు. తేనె స్వచ్ఛమైనదా కల్తీదా అన్నదానితో దీనికి సంబంధం లేదు, పుట్టతేనెలోనూ ఉండవచ్చు. పొయ్యి మీద వేడిచేసినా ఆ విత్తనాలు చావవు.

మిరియాల చారు సంగతి చెప్పకుండా తెలుగు ఇంటి జలుబు పూర్తికాదు. 2008లో కార్డిఫ్ పరిశోధకులు సాను, ఎకిల్స్ జలుబుతో ఉన్న 30 మందికి ఒకే పళ్లరసం పానీయాన్ని వేడిగానూ, గది వేడిమిలోనూ ఇచ్చి చూశారు. గది వేడిమిలో ఇచ్చినదానికి దగ్గు, తుమ్ములు, ముక్కు కారడం కొంత తగ్గాయి. వేడిదానికి అవీ తగ్గాయి, వాటితోపాటు గొంతునొప్పి, చలి, నీరసం కూడా తగ్గాయి. ముక్కులోంచి సాగే గాలిని కొలిస్తే మాత్రం మార్పు కనబడలేదు. హాయి అనిపించడం ముక్కులో కంటే మెదడులో, నోటిలో జరిగే పని. మన చారులో ఆ వేడికి మిరియం ఘాటు తోడవుతుంది. మిరియంలోని పైపరిన్ నోట్లో వేడిని పసిగట్టే నాడుల తలుపు తట్టి, ముక్కులో పల్చని నీరు ఊరేలా చేస్తుంది. ఏడాది దాటిన పిల్లకు ఘాటు తగ్గించి, పల్చగా, గోరువెచ్చగా, మెత్తటి అన్నంలో కలిపి పెడితే నీళ్లు, ఉప్పు, కాస్త తిండి ఒకేసారి కడుపులోకి పోతాయి. ఆరు నెలల లోపు పిల్లకు చారూ వద్దు, కషాయమూ వద్దు, నీళ్లూ వద్దు. తల్లిపాలే మాటిమాటికీ కొంచెం కొంచెంగా పట్టాలి.

పసుపు పాలమీద నమ్మకం ఎక్కువ. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి చాలా తక్కువగా పడుతుంది. మిరియం తోడైతే ఆ పట్టడం ఇరవై రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో తేలింది. అంత మాత్రాన జలుబు తగ్గుతుందని అర్థం కాదు, వేడిపాలు గొంతుకు హాయి అంతే. తులసీ అంతే. అడ్డసరం ఆకు కథ వేరు. అందులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే తెమడను పల్చబరిచే బ్రోమ్‌హెక్సిన్ మందు తయారైంది. పెరట్లో ఆకు అంత గట్టిదైనప్పుడు దానికీ మోతాదు ఉంటుంది, పిల్ల బరువుకు తగిన మోతాదు గుప్పెట కొలతకు దొరకదు. అందుకే ఆకు పసర్లు చిన్నపిల్లలకు పట్టడం నాకు ఇష్టం లేదు.

జలుబు చేసిందని పెరుగు, అరటిపండు మానిపించడం మనకు అలవాటు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 60 మంది పెద్దవాళ్లకు రైనోవైరస్ ఎక్కించి, ఎవరెన్ని పాలు తాగారో, ఎంత చీమిడి వచ్చిందో తూకం వేసి మరీ చూశారు. పాలకూ చీమిడికీ సంబంధం లేదని 1990లో ప్రకటించారు. అసలే తిండి సహించని పిల్లకు పెరుగన్నం ఒక్కటే ఇష్టమైతే అదే పెట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచితే పెద్దవాళ్ల మాటా నిలబడుతుంది.

ఆవిరి, కర్పూరం, నూనె, పొగ

ఇక్కడి నుంచి దారి మారుతుంది. దుప్పటి కప్పి, మరిగే డేక్సా మీద పిల్ల ముఖం వంచి ఆవిరి పట్టించడం కోవిడ్ రోజుల్లో ఇంటింటి పూజలా సాగింది. చండీగఢ్ పీజీఐలో పనిచేసిన డాక్టర్ మీనూ సింగ్ బృందం అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ గుదిగుచ్చి, వేడి ఆవిరివల్ల జలుబుకు నికరమైన మేలు కనబడలేదని తేల్చింది. కీడు మాత్రం కళ్లముందుంది. దుప్పటి కింద పిల్ల కాలు తన్నుకుంటే మరిగే నీళ్లు ఒళ్లో పడతాయి. 2020లో బర్మింగ్‌హామ్ పిల్లల ఆస్పత్రి వైద్యులు ఆవిరి పట్టిస్తూ కాలిన పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగిందని లాన్సెట్ పత్రికలో రాశారు. ఆవిరే కావాలనుకుంటే స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి, తలుపు వేసుకుని, పిల్లను ఎత్తుకుని కాసేపు కూర్చుంటే సరి.

కర్పూరం విషయంలో నేను ఏ మొహమాటమూ పెట్టుకోను. కర్పూరం, మెంథాల్ వాసన చూస్తే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. ముక్కులో చల్లదనాన్ని గ్రహించే నాడులను మెంథాల్ తట్టిలేపుతుంది, మెదడు దాన్ని గాలి ఎక్కువగా వస్తోందని అనుకుంటుంది. గాలి లెక్క మాత్రం ఏమీ మారదు. పెద్ద పిల్లకు ఆ భ్రమ కూడా నిద్రపట్టడానికి సాయం చేస్తుంది, కాబట్టి రెండేళ్లు దాటాక ఛాతీకి, వీపుకు కొంచెం రాస్తే తప్పులేదు. రెండేళ్ల లోపు వారికి విక్స్ లాంటి లేపనాలు రాయొద్దని సీసా మీదే ఉంటుంది. ముక్కు కింద రాయడం ఏ వయసులోనూ వద్దు. హారతి కర్పూరం బిళ్లలు కొబ్బరినూనెలో కరిగిస్తే అందులో ఎంత కర్పూరం ఉందో ఎవరికీ లెక్క ఉండదు. చిన్నపిల్ల ఒక గ్రాము కర్పూరం మింగితే ప్రాణాపాయం, నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. 2009లో న్యూయార్కులోని బ్రాంక్స్ వైద్యులు కర్పూరం వల్ల ఫిట్స్ వచ్చిన ముగ్గురు పిల్లల సంగతి ప్రచురించారు. అందరూ తిన్నవాళ్లే అనుకోవద్దు, ఒంటికి రాసినదాని వల్ల వచ్చిన పిల్లా అందులో ఉంది. వాము, లవంగం, కర్పూరం కలిపి గుడ్డలో మూటకట్టి మెడలో వేయడం, ఉయ్యాలకు కట్టడం కోవిడ్‌లో వ్యాపించింది. పాకే పిల్ల చేతికి దొరికిన ప్రతిదీ నోటికే వెళ్తుంది. దేవుడి గూట్లో కర్పూరం డబ్బా కూడా అందనంత ఎత్తులో ఉండాలి.

ముక్కులో ఆముదం, కొబ్బరినూనె, నెయ్యి చుక్కలు వేయడం దక్షిణాదిలో పాత అలవాటు. నీళ్లు పొరబోతే దగ్గు వచ్చి బయటికి తోస్తుంది. నూనె దగ్గును మేల్కొల్పకుండా జారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, అక్కడి నుంచి బయటికి రాదు. దానివల్ల వచ్చే న్యుమోనియాను మన దేశంలోని పిల్లల వైద్యులు ఎన్నోసార్లు చూశారు. తల్లిపాలు ముక్కులో పిండటం, నాలుగు చుక్కల బ్రాందీ పట్టడం కూడా మానుకోవలసినవే. బ్రాందీతో పసిపిల్ల రక్తంలో చక్కెర పడిపోతుంది.

స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయడంలో ఉన్న ముద్దు నాకూ తెలుసు, ఆ వాసన పిల్ల జుట్టుకు పట్టి రోజంతా ఉంటుంది. కానీ ముక్కు లోపలి పొర మీద సన్నని కేశాలు, గాలికి ఊగే వరిచేనులా ఒకే వైపు కదులుతూ, చీమిడిని గొంతువైపు నెడుతూ ఉంటాయి. వైరస్ ఆ చేనును ఎక్కడికక్కడ పడగొడుతుంది. ఆ సమయంలో పొగ తగిలితే మిగిలినవీ నీరసపడతాయి. దోమలచుట్ట ఇంకా పాడు. ఒక చుట్ట కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్కకట్టింది. జలుబు పిల్ల ఉన్న గదిలో దోమతెర కట్టుకోవడమే నయం.

సీసా మందుల మాట

ఇన్ని జాగ్రత్తలు విన్నాక, దగ్గు సిరప్పే భద్రమేమో అనిపించవచ్చు. అదీ కాదు. 2023 డిసెంబరులో మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గుమందు తాగి, మూత్రపిండాలు చెడి, ఇరవైమందికి పైగా పిల్లలు చనిపోయారు. వాళ్లలో చాలామందికి వచ్చింది మామూలు జలుబు, దగ్గే. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఇవ్వొద్దని, ఐదేళ్ల లోపు వారికీ సాధారణంగా వద్దని చెప్పింది. కిందటిసారి మిగిలిన సీసాను ఈసారి వాడటం, అన్నయ్య మందు తమ్ముడికి పొయ్యడం ఇకనైనా మానాలి.

జ్వరానికి పారాసిటమాల్ మంచిదే. కానీ మోతాదు వయసుకు కాదు, బరువుకు. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మళ్లీ వేయడానికి కనీసం నాలుగు గంటలు ఆగాలి, డాక్టరు చెప్పిన లెక్క దాటకూడదు. చుక్కల సీసాలో ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 120 లేదా 125, కొన్నిటిలో 250. సిరప్ కొలతలో చుక్కల మందు పోస్తే మోతాదు నాలుగు రెట్లవుతుంది. ఆస్ప్రిన్ పిల్లలకు అసలే వద్దు.

జలుబు మొత్తంగా తగ్గడానికి చాలామంది పిల్లలకు రెండు వారాలు పడుతుంది. దగ్గు పూర్తిగా పోవడానికి మూడు వారాలు దాటడమూ మామూలే. పదిమందిలో తొమ్మిదిమందికి దగ్గు తగ్గడానికి 25 రోజులు పట్టిందని పాత పరిశోధనలన్నీ కలిపి 2013లో లెక్కవేశారు. పిల్ల ఆడుతూ, తాగుతూ, హాయిగా ఊపిరి తీసుకుంటూ దగ్గుతుంటే ఓపిక పట్టవచ్చు. పసిపిల్లకు తలకింద దిండు మాత్రం పెట్టకూడదు, ఊపిరాడక ప్రమాదం.

ఓపిక పట్టకూడని సందర్భాలు వేరు. పిల్ల నిద్రలోనో ప్రశాంతంగానో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని, పొట్ట లేచి పడటాన్ని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు పిల్లకు అరవై, రెండు నెలల నుంచి ఏడాది లోపు యాభై, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా నలభై, ఈ గీతను అందుకుందంటే న్యుమోనియా అనుమానించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పక్కటెముకల కింద లోపలికి గుంజుతున్నా, పిల్లికూతలు వినిపించినా, పెదాలు నీలిబడినా, పాలు తాగడం మానేసినా, లేపితే లేవనంత మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. మూడు నెలల లోపు పిల్లకు 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంతకు మించి జ్వరం ఉంటే మిగతా లక్షణాలేవీ లేకపోయినా అప్పటికప్పుడు డాక్టరు చూడాలి. బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యాలి. దారిలో పిల్లను వెచ్చగా కప్పి ఎత్తుకోవాలి, చీకగలిగితే రొమ్ముపాలు పడుతూనే ఉండాలి, ఇంట్లో ఏయే మందులు, ఏయే ఆకులు, ఏ నూనె వాడారో దాచకుండా డాక్టరుకు చెప్పాలి.